మన ప్లగ్గు... పరాయి గోడ!

కరెంటు గురించి నెల్లికుదురు రైతుకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మహబూబాబాద్-తొర్రూరు దారిలో ఉండే ఈ మండలం 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాలో ఉండేది, ఆ తర్వాత మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారినా బావి దగ్గర మోటారు మోటారే. వరి వేసినా, మిర్చి పెట్టినా ‘లో ఓల్టేజీ’ ఎంత పని చేస్తుందో ఇక్కడ అందరికీ తెలుసు. మోటారు మూలగడం మొదలైతే స్టార్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఆలస్యమైతే కాయిలు కాలిపోతుంది. ఇక వైండింగ్ షాపు బాట పట్టాల్సిందే! టీవీకో స్టెబిలైజరు, ఫ్రిజ్‌కో స్టెబిలైజరు పెట్టుకుని కాపురాలు చేసిన ఊళ్లివి.

ఇంత అనుభవం ఉన్నవాళ్లు కూడా విమానం ఎక్కే ముందు వంద రూపాయల అడాప్టరు ఒకటి కొని సూట్‌కేసులో పడేసి, కరెంటు సంగతి తీరిపోయిందనుకుంటారు. తిప్పలన్నీ అక్కడే మొదలు. అడాప్టరు మార్చేది ప్లగ్గు ఆకారాన్నే. గోడలోంచి వచ్చే వోల్టేజీని అది రవ్వంత కూడా మార్చదు.

మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా, కెనడాల్లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపాన్‌లో అయితే 100 వోల్టులే. ఈ తేడాకి మూలం బల్బు! ఎడిసన్ 1882లో న్యూయార్క్‌లో కరెంటు సరఫరా మొదలుపెట్టినప్పుడు అప్పటి బల్బులకు తగినట్టు 110 వోల్టులు పెట్టుకున్నాడు. అమెరికా దాదాపు ఆ లెక్కలోనే ఉండిపోయింది. యూరప్ మాత్రం తర్వాత 220 వైపు వెళ్లింది. వోల్టేజీ రెట్టింపు చేస్తే అదే రాగి తీగలో ఎక్కువ శక్తి పంపొచ్చు కదా!

మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు కథ ఇంకా తమాషాగా ఉంటుంది. అది బ్రిటిష్ వాళ్లది. కానీ వాళ్లే దాన్ని వదిలేశారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1947లో, మూడు బల్లపరుపు పిన్నులున్న కొత్త ప్లగ్గును ప్రమాణంగా పెట్టుకున్నారు. దాని కడుపులో చిన్న ఫ్యూజు కూడా ఉంటుంది. సరిగ్గా వాళ్లు మన దేశం వదిలిన ఏడాదే! వాళ్ల పాత ప్లగ్గు మనకు మిగిలింది, కొత్తది దుబాయ్, ఖతార్, కువైట్, సింగపూర్‌లకు చేరింది. మన 15 ఆంపియర్ల లావు ప్లగ్గు మాత్రం ఇప్పటికీ దక్షిణాఫ్రికా గోడల్లో హాయిగా దూరుతుంది.

గల్ఫ్‌కి వెళ్లేవారికి అందుకే పెద్ద చిక్కు లేదు. వోల్టేజీ ఇంచుమించు మనదే, కన్నాలే వేరు. అడాప్టరు చాలు. సౌదీలో మాత్రం పాత భవనాల్లో 127 వోల్టుల లైను కూడా ఉంటుంది కాబట్టి ఒకసారి అడిగి పెట్టుకోవడం మేలు. అయితే అక్కడి సాకెట్లలో ఓ కిటుకు ఉంది. పైనున్న ఎర్తు కన్నంలోకి పిన్ను దూరితేనే కింది రెండు కన్నాల తలుపులు తెరుచుకుంటాయి. లేబర్ క్యాంపుల్లో మనవాళ్లు ఆ ఎర్తు కన్నంలో పెన్ను రీఫిలో, పుల్లో గుచ్చి రెండు పిన్నుల ఛార్జర్ దూర్చేస్తుంటారు. పిల్లల చేతులు పడకూడదని పెట్టిన తలుపది. పుల్లతో తెరిచి దూర్చిన ప్లగ్గు వదులుగా ఉండి నిప్పురవ్వలు రాలుతాయి. పది మంది పడుకునే గదిలో అదేం పొదుపు?

అసలు పరీక్ష అమెరికా ప్రయాణానిది. ఎమ్మెస్‌కి వెళ్లే కుర్రాడి పెట్టెలో రైస్ కుక్కరు, కూతురి పురుడుకి వెళ్లే తల్లి పెట్టెలో మిక్సీ... సకినాలు, పచ్చళ్లు, కారప్పొడి సర్దాక మిగిలిన చోటంతా వీటికే. మన 700 వాట్ల కుక్కరును అడాప్టరుతో అక్కడి గోడకి తగిలిస్తే ఏమవుతుందో చూడండి. వోల్టేజీ సగమైతే వేడి సగం కాదు, పావు వంతుకి పడిపోతుంది. అంటే 190 వాట్లు. బియ్యం నానుతాయి తప్ప ఉడకవు. మిక్సీ అయితే జారులో మినప్పప్పును చూసి జాలిగా తిరుగుతుంది. వదిలేయకుండా అలాగే నొక్కిపెడితే... బావి దగ్గర మూలిగిన మోటారు గుర్తుందిగా!

అప్పుడు కావాల్సింది వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్. 750 వాట్ల మిక్సీకి వెయ్యి వాట్లకు తక్కువ కాకుండా కొనాలి. అది ఇనుము, రాగి కలిసిన ముద్ద, కిలోల్లో తూగుతుంది. ఒక్కో పెట్టెకు 23 కిలోలే అంటున్న విమానంలో దాన్ని మోసుకెళ్లడం దండగ. అక్కడే కొనుక్కోవచ్చు. ఇంకో మెలిక కూడా ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది కానీ హెర్ట్జ్‌ని మార్చదు. మిక్సీ మోటారుకి దాంతో పట్టింపు లేదు. వెట్ గ్రైండర్ మోటారుకి ఉంది, ఐదు చుట్లు తిరగాల్సిన చోట ఆరు చుట్లు తిరుగుతుంది. నన్నడిగితే ఈ తతంగమంతా అక్కర్లేదు. ప్రీతి లాంటి మన కంపెనీలే అమెరికా కోసం 110 వోల్టుల మిక్సీలు చేస్తున్నాయి. అవి కొనుక్కుంటే సరి. కుక్కరంటారా, అక్కడ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది.

ఫోను, ల్యాప్‌టాప్‌లతో ఏ బెంగా లేదు. ఛార్జర్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఇన్‌పుట్’ అని ఉంటుంది, పక్కన 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని కనబడితే దానికి అడాప్టరు ఒక్కటే చాలు. 230 అని ఒకే అంకె ఉంటే అమెరికా, కెనడా, జపాన్‌ల గోడకి నేరుగా పెట్టకూడదు. కళ్లజోడు పెట్టుకునైనా సరే, పెట్టె మూసేముందు ప్రతి వస్తువు మీదా ఆ ముక్క చదవాలి.

ముఖ్యంగా చదవాల్సింది నెబ్యులైజర్ మీద. ఆస్తమా ఉన్న పెద్దవాళ్లు దాన్ని బట్టల మధ్య భద్రంగా సర్దుకుంటారు. మన దగ్గర కొన్న కంప్రెసర్ రకం చాలావరకు 230 వోల్టులది. చలికాలం చికాగోలో అర్ధరాత్రి ఆయాసం వచ్చినప్పుడు అది పనిచేయకపోతే? మిక్సీ ఆడకపోతే చట్నీ మానుకుంటాం, ఊపిరి మానుకోలేం కదా. కాబట్టి బయల్దేరడానికి నెల ముందే అక్కడి పిల్లలతో మాట్లాడాలి. బ్యాటరీతోనో యూఎస్‌బీతోనో నడిచే మెష్ రకం తమకు పనికొస్తుందేమో డాక్టరును అడగాలి. ఊళ్లోనే నాలుగు రోజులు వాడి చూసుకుని వెళితే ఇంకా నిశ్చింత.

తిరుగు ప్రయాణంలో సీను రివర్స్! కోడలు ముచ్చటపడి కొనిచ్చిన కాఫీ మేకరో, హెయిర్ డ్రయ్యరో 120 వోల్టులది. దాన్ని మన 230కి పెడితే దాదాపు నాలుగింతల శక్తి లాగబోతుంది. 1,500 వాట్ల డ్రయ్యరు ఐదున్నర వేల వాట్లకు ఎగబాకుతుందన్నమాట. ఫ్యూజు పోతే అదృష్టం, లేకపోతే పొగ. చేతిలో ఇమిడే తేలికపాటి ట్రావెల్ కన్వర్టర్లు కొన్ని అమ్ముతారు. వాటిలో చాలావరకు డ్రయ్యరు, ఇస్త్రీపెట్టె లాంటి వేడి సామాన్లను కాసేపు వాడుకోవడానికే. మోటారో, ఎలక్ట్రానిక్ సర్క్యూటో ఉన్నవాటిని వాటికి తగిలిస్తే పాడైపోతాయి. వాటికి వోల్టేజీ తగ్గించే అసలైన ట్రాన్స్‌ఫార్మరే కావాలి. హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో అడిగి చూడొచ్చు. కాకపోతే దాని ధర, బరువు చూశాక ఆ కాఫీ మేకర్ షోకేసులోకే వెళుతుంది, సందేహం లేదు.