రెప్పవేయని సాక్షి

కాలాన్ని చెప్పడానికి మనకున్నన్ని మాటలు ఇంకెవరికైనా ఉన్నాయా అనిపిస్తుంది నాకు. రెప్పపాటు, చిటికెలో, గుక్క తిప్పుకునే లోగా, అన్నం ఉడికేంతసేపు... వీటిలో గడియ ఒక్కటే లెక్కకు కట్టుబడ్డ మాట. అడుగున సన్నని చిల్లి ఉన్న గిన్నెను నీళ్ళమీద వదిలితే, అది నిండి మునిగేసరికి 24 నిమిషాలు. పూర్వం ముహూర్తాలకు ఆ గిన్నే సాక్షి. మిగతావన్నీ మనిషిని బట్టి సాగుతాయి. "ఒక్క నిమిషంలో తయారై వస్తా" అన్న మాటకు ఎంతసేపో మీకు వేరే చెప్పాలా!

ఈ రెప్పపాటులో ఎంత జరుగుతుందో నాకు మొన్న హైదరాబాదులో మా అక్క ఇంట్లో తెలిసింది. అక్క కూతురు డిగ్రీలో ఫిజిక్స్ చదువుతోంది. భోజనాల బల్ల సగం ఆక్రమించి ఏదో అమర్చుకుంది. రెండు బుల్లి స్తంభాలు ఎదురుబొదురుగా ఉన్నాయి. ఒకదాంట్లో దీపం, రెండోదాంట్లో ఆ వెలుతురును చూసే కన్ను. దీపం వెలుగుతున్న జాడే లేదు.

"ఇన్‌ఫ్రారెడ్ పిన్నీ, మన కంటికి కనపడదు. టీవీ రిమోట్‌లో ఉండేదే" అంది. లిఫ్టు తలుపు మూసుకోబోతూ మనం అడ్డం రాగానే వెనక్కి తగ్గుతుందే, అక్కడా ఇలాంటి వెలుతురు తీగే తెగుతుందట.

ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ బద్దకి నల్ల టేపు పట్టీలు, అయిదేసి సెంటీమీటర్ల ఎడంగా అంటించింది. అచ్చం చారల చీర కొంగులా ఉంది. దాన్ని ఆ స్తంభాల మధ్యనుంచి వదిలేస్తుంది. విరక్కుండా కింద దిండు. నల్లపట్టీ వెలుతురును తెంచినప్పుడల్లా ఆ క్షణం లాప్‌టాప్‌లో నమోదవుతుంది. ఒక జత పట్టీల మధ్య 42 మిల్లీసెకన్లు పడితే, తరవాతి జతకు 32, ఆ తరవాత 27. అంటే కిందకు పోయేకొద్దీ పరుగు హెచ్చుతోందన్నమాట. ఆ అంకెల్లోంచే భూమ్యాకర్షణ ఎంతో లెక్క తేలుతుంది. అడుగు పొడవు బద్ద మొత్తం పడడానికి పావు సెకను. నేను రెప్పవేసి తెరిచేసరికి అంతా అయిపోయింది!

"స్టాప్‌వాచీ ఉందిగా, ఇంత హంగామా ఎందుకే?" అన్నాను.

మీటరు ఎత్తునుంచి పడే వస్తువుకు పట్టేది 0.45 సెకను. కన్ను చూసి, బుర్ర చెప్పి, బొటనవేలు నొక్కేసరికే అందులో 0.2 సెకను పోతుందట. గెలీలియోకూ ఇదే చిక్కు. నిటారుగా పడేదాన్ని పట్టుకోలేక, వాలుగా పెట్టిన చెక్కమీద గుండును దొర్లించి, ఆ లోగా సన్నని గొట్టంలోంచి కారిన నీళ్ళను తూచి కాలం లెక్కగట్టాడు. 1638లో అచ్చయిన పుస్తకంలో ఆయనే రాశాడు. మన గడియ గిన్నెకు దూరపు చుట్టం!

సరే, అసలు కథ ఇక్కడుంది. పుస్తకంలో ఉన్న అంకె 9.8. మా పిల్లకు వచ్చింది 9.6. నాలుగుసార్లు వదిలినా అదే. మర్నాడే రికార్డు ఇవ్వాలి.

"9.8 అని వేసెయ్యమ్మా. మేమంతా ముందు జవాబు రాసుకుని, దానికి సరిపోయేలా రీడింగులు వేసినవాళ్ళమే" అన్నారు బావగారు, అదేదో వంశాచారమైనట్టు.

"మార్కులు పోతాయే, నాన్న చెప్పినట్టు చెయ్యి" అంది అక్క.

దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "దానికి 9.8 రావాలని తెలీదు నాన్నా. అందుకే దాని మాట వినాలి" అంది.

ఎవరం మాట్లాడలేదు. అర్ధరాత్రి దాకా కూర్చుని చివరికి తప్పు పట్టుకుంది. పట్టీలు అంటించడానికి అయిదు సెంటీమీటర్ల అట్టముక్క కత్తిరించుకుని, దాన్ని జరుపుతూ స్కెచ్ పెన్నుతో గీతలు పెట్టిందట. గీత మందం ప్రతిసారీ కలిసి, ఎడం 5.1 అయి కూర్చుంది. మిల్లీమీటరు! ఆ సంగతి సరిచేసి లెక్క వేస్తే 9.8కి దగ్గరగా వచ్చింది. ఆ 9.8 కూడా అన్నిచోట్లా ఒకటి కాదట. భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83.

ఆ రాత్రి 9.8 అని వేసేసి ఉంటే, ఆ మిల్లీమీటరు ఎప్పటికీ దొరికేది కాదు గదా అనుకున్నాను. ఆ పరికరం మనకంటే తెలివైనదేం కాదు. మనకేం కావాలో దానికి తెలియదు, అంతే. మనమో, కావలసిన జవాబు ముందే ముఖాన పెట్టుకుని అడుగుతాం. "కూర ఎలా ఉంది?" అని వడ్డించినావిడ అడిగితే నిజం చెప్పే భర్త ఎక్కడున్నాడు? "అబ్బాయి నచ్చాడా?" అని ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి అడిగితే, ఆడపిల్ల నోటివెంట వచ్చేదీ ఆ 9.8యే. నా నవల చదివిన స్నేహితురాళ్ళూ నా ముఖం చూసే మాట్లాడతారు. ముఖం చూడని సాక్షి ఇంటికి ఒకటుంటే మంచిదే. భరించడమే కాస్త కష్టం.

ఇంతకీ మార్కులెన్ని అంటారా? ఇరవైకి పదిహేడు. మూడు పోయింది చేతిరాతకట. 9.6 మాత్రం ఆ పేజీలో కొట్టివేత లేకుండా, పక్కన కారణంతో సహా అలాగే ఉంది.