వంపును బట్టి ఇంజను

రైలు కట్ట ఎటు వంగిన ఇంజనును అటే వంగునని చాలమంది తలంతురు. కట్ట వంగును గాని ఇంజను వంగదు. ఒకే చట్రమునకు బిగించిన చక్రములు తిన్నని వరుసలో నుండును. వాటి క్రింది పట్టాలు వంపుగా నుండును. ఈ రెంటికిని పొత్తు కుదిరినంతవరకే ప్రయాణము. కుదరనిచో చక్రము పట్టాను ఒరసికొని కీచుమనును. పిమ్మట పట్టా నెక్కి క్రిందికి దిగిపోవును. పెద్ద రైలునకును, ఇంటిలో తిరుగు చిన్న రైలునకును ఈ న్యాయ మొక్కటియే.

మా కుటుంబము ఖటక్ చించోళిలో స్థిరపడి మూడు తరములైనది. బీదరు సీమ హైదరాబాదు రాష్ట్రములో నున్ననాడు వచ్చినవారము. 1956లో ఈ జిల్లా మైసూరు రాష్ట్రమున చేరినను మే మిచ్చటనే నిలిచితిమి. మా తాలూకా కేంద్రమైన భాల్కి మీదుగా, నిజాము కాలమున వేసిన వికారాబాదు–పర్లీ రైలుమార్గము పోవును. మా పెద్దన్నగారు రైల్వేలో ఫైర్‌మన్‌గా చేరి, బొగ్గు ఇంజనులపై యౌవనమంతయు గడపిరి. ఇప్పు డాయనకు ఎనుబది యేండ్లు దాటినవి, చూపు మందగించుచున్నది. పుణెలో 1998లో తెరచిన జోషీగారి చిన్నరైళ్ల ప్రదర్శనశాలను చూచి వచ్చినది మొదలు, తాను బొగ్గు వేసిన ఇంజను నమూనా మా యింట తిరుగగా చూడవలెనని ఆయన కోరిక. “చూపున్నప్పుడే చూడాలిరా తమ్ముడూ” అని ఒకనా డనిరి. ఆ మాట విన్న పిమ్మట జాగు చేయుటకు మాకు మన సొప్పలేదు.

ఆయన కోరినది డబ్ల్యూ.జి. తరగతి ఇంజను. చిత్తరంజన్ కర్మాగారము 1950లో మొదటగా తయారుచేసిన ఇంజను ఈ తరగతిదే. దాని నాలుగు జతల చోదకచక్రములు ఇంచుమించు 5 మీటర్ల నిడివిలో ఒకే చట్రమునకు బిగింపబడి యుండును. హెచ్.ఓ. అను కొలత అసలులో 87వ వంతు. అందు పట్టాల నడిమి వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, ఆ చక్రముల నిడివి 58 మిల్లీమీటర్లు వచ్చును.

అంగళ్లలో తరచుగా దొరకు వంపు పట్టాల వ్యాసార్ధము 18 అంగుళములు. దానిని 87 రెట్లు పెంచినచో 40 మీటర్లు. మన బ్రాడ్‌గేజిపై 175 మీటర్లకు తక్కువైన వంపును సాధారణముగా వేయరు. అనగా అసలు ఇంజను కలలోనైన చూడని మలుపును నమూనా ఇంజను నిత్యము తిరుగవలెను! చక్రముల నిడివిని దానిచేతనే గుణించి, వ్యాసార్ధమునకు ఎనిమిది రెట్లైన సంఖ్యచే భాగించినచో, నడిమి చక్రము వంపునకు ఎంత ఎడమగునో తెలియును. 18 అంగుళముల వంపులో అది 0.9 మిల్లీమీటరు, 30 అంగుళముల వంపులో 0.55. ఈ రెండవదానిని చక్రములకు ప్రక్కలకు కదలు వీలు కల్పించి సర్దవచ్చును.

పెద్ద రైళ్లవారును ఈ చిక్కు నెదుర్కొన్నవారే. డార్జిలింగు కొండదారిలో రెండడుగుల పట్టాలపై పొట్టి ఇంజనులను పెట్టిరి. బెంగాల్–నాగపూర్ రైల్వేవారు గ్యారట్ ఇంజనులను తెప్పించిరి. వాటిలో ఒకే బాయిలరునకు ముందొకటి వెనుకొకటిగా నుండు రెండు చట్రములు వంపున విడివిడిగా తిరుగును. ఇంజనును పొట్టిచేయుట ఒక మార్గము, కీలు పెట్టుట ఇంకొకటి, వంపును పెంచుట మూడవది.

ఇంజనుకంటె పెట్టెలు మమ్ము ఎక్కువ బాధించినవి. పెరంబూరు కర్మాగారపు ఐ.సి.ఎఫ్. పెట్టె పొడవు 21.3 మీటర్లు, నమూనాలో 24.5 సెంటీమీటర్లు. పెట్టె పొడవునకు మూడు రెట్ల వ్యాసార్ధ ముండిన బండి నమ్మకముగా నడచునని అనుభవజ్ఞుల మాట. అది 29 అంగుళములు. నాలుగడుగుల వెడల్పు బల్లపై 22 అంగుళములకు మించి పట్టదు. “చిన్న షంటింగు ఇంజను, నాలుగు గూడ్సు డబ్బాలు కొందాము పెదనాన్నా” అని మా అబ్బాయి సలహా చెప్పెను. లెక్కకు అది సరియైనదే. అన్నగారు మారుమాట లాడక లేచిపోయిరి.

అందుచే బల్లను మాని, పదడుగులకు ఎనిమిదడుగుల గదిలో గోడల వెంబడి పలక వేయుటకు నిశ్చయించితిమి. మూలలకు 30 అంగుళములు కుదిరినవి. ద్వారమునకు అడ్డముగా ఎత్తివేయదగిన పలక నమర్చితిమి. ఈశాన్యమూలలో మాత్రము దేవుని గూడు. దానిని తప్పించినచో ఆ మూల 22 అంగుళములే. మూడు మూలలు విశాలమైన నేమి? అన్నిటికంటె ఇరుకైన మూలయే ఇంజను నిర్ణయించును. తుదకు వదినగారు పలకను గూటి క్రిందుగా పోనిచ్చిరి. సంధ్యాదీపము వేళ బండి ఆగవలెనని ఆమె షరతు.

కొలతలు పిల్లలకు అప్పగించితిమి. కన్నడ బడిలో చదువు మనుమలు ‘త్రిజ్య’ అనిరి. అన్నగారు ‘వ్యాసార్ధము’ అనిరి. త్రిజ్య మన పూర్వుల సంస్కృత ఖగోళగణితములోని మాటయే గనుక రెండును మనవే యని తీర్పు చెప్పితిని. తెలుగు నేర్పెదమని కూర్చుండబెట్టిన పారిపోవు పిల్లలు, దారము పట్టుకొని అట్టముక్కను పెట్టె కొలతకు కత్తిరించి వంపున త్రిప్పిచూచుచు, తాతగారిని తెలుగులోనే ప్రశ్నించిరి. ఆయన రైలు మాటలన్నియు తెలుగులో నుండుటచే వారికి వేరు దారి లేకపోయెను.

గత కార్తికమున బండి తిరిగినది. అన్నగారు కన్నులు మూసికొని వినిరి. మూడవ మూలలో చక్రము ఒరయుచున్నదని చెప్పిరి. చూడగా పట్టా అతుకొకటి పిసరంత లోనికి జరిగియుండెను. దానిని సరిచేసినది చిన్న మనుమడు.

ఇంట రైలు వేయదలచిన వారికి నేను చెప్పునది ఇంతే. ఇంజనును చూచుటకు ముందు ఇంటిలోని ఇరుకైన మూలను కొలువుడు. అది చాలనిచో ఇంజనును తగ్గించుట సులభము. మూలను పెంచుటకు ఇంటిల్లిపాదియు కొంత జరుగవలెను. పరభాషాసీమలో కాపురముండి మన పొడవైన మాటలను పిల్లల నోట నడిపింపగోరు వారికిని ఈ లెక్కయే వర్తించునని నా నమ్మకము.