గమ్ ముద్రణకు రంగుల ఎంపిక

కంటికి నచ్చే రంగు వేరు, కాలానికి నిలిచే రంగు వేరు. ఛాయాచిత్రకళలో ఈ భేదాన్ని స్పష్టంగా బోధించేది గమ్ ముద్రణ.

డైక్రోమేటు లవణానికి వెలుగు సోకితే మార్పు కలుగుతుందని 1839లో మంగో పాంటన్ కనుగొన్నాడు. 1855లో ఫ్రాన్సు దేశీయుడు ప్వాత్వాఁ ఈ గుణాన్ని రంగుతో జోడించి ముద్రణకు మార్గం చూపాడు. తుమ్మజాతి చెట్టు బంక, నీటిరంగు, డైక్రోమేటు కలిపి కాగితానికి పూసి, చీకటిలో ఆరబెట్టి, పైన నెగటివు ఉంచి ఎండకు పెట్టాలి. వెలుగు సోకిన చోట బంక గట్టిపడి రంగును పట్టి ఉంచుతుంది; తక్కినది నీటిలో కరిగిపోతుంది. నీటిరంగులకు బంధకం కూడా ఆ బంకే. ఉర్దూ కాతిబులు వాడిన సంప్రదాయపు సిరా సైతం దీపపు మసిని ఈ బంకతో నూరి చేసినదే.

మా ఇంట తాతగారి ఛాయాచిత్రం ఒక్కటే ఉన్నది. వెండి లవణాలతో తీసిన ఆ ముద్రలో ముఖం పసుపుబారి మాయమవుతున్నది. దానికి నెగటివు చేయించి, వర్ని ఎండలో గమ్ ముద్ర తీయాలని సంకల్పించాము.

రంగుల గొట్టంపై ఉన్న అందమైన పేరును నమ్మరాదు. వర్ణద్రవ్య సంఖ్యను చూడాలి. ఒకే వర్ణద్రవ్యం గల రంగు శ్రేష్ఠం. అలిజరిన్ క్రిమ్సన్ (పి.ఆర్. 83) మనోహరమైన ఎరుపే, కాని పలుచని పూతలో వెలుగుకు వెలిసిపోతుంది. దాని స్థానంలో క్వినాక్రిడోన్ (పి.వి. 19) మేలు. థాలో నీలం (పి.బి. 15) నిలకడ గలదే, కాని దాని గాఢత మిక్కుటం, కొంచెం ఎక్కువైనా కాగితానికి మరక పడుతుంది. మేము దీపపు మసి నలుపును (పి.బి.కె. 6), కాల్చిన అంబర్ మట్టిరంగును (పి.బి.ఆర్. 7) ఎంచుకొన్నాము. అవి ఆకర్షణీయాలు కావు; అయినను వెలుగుకు తాళుతాయి.

ఎంచిన రంగును ముందు పరీక్షించాలి. మిశ్రమాన్ని చిన్న కాగితపు ముక్కకు పూసి, వెలుగు తగలనీయక ఆరబెట్టి, నీటిలో వేయాలి. కాగితం తెల్లగా తేలకుంటే రంగు తగ్గించాలి, లేదా కాగితానికి ముందుగా జెలటిన్ పూత వేయాలి.

విద్యార్థులకు ఒక హెచ్చరిక: డైక్రోమేటు క్యాన్సర్ కారకం. తొడుగులు లేక ముట్టరాదు, పొడిని పీల్చరాదు. కడిగిన నీటిని నిజాంసాగర్ కాలువలోకి వదలరాదు. ఆ నీటితోనే మా వరి పండుతున్నది. ఒక ముఖాన్ని నిలుపుకొనే ప్రయత్నం పదుగురి అన్నంలో విషం కలుపరాదు గదా!