అద్దె యింటిలోని అపొస్తలుడు

ప్రియ చదువరీ, అపొస్తలుల కార్యముల గ్రంథము ఎట్లు ముగియునో గమనించితిరా? పౌలు రోమా పట్టణమున రెండు సంవత్సరములు అద్దె యింట కాపురముండి, తన యొద్దకు వచ్చిన వారినందరిని చేర్చుకొని బోధించెను. ఆ యింటి యజమాని పేరు మనకు తెలియదు. నేను ఆ మనిషిని గూర్చి ఎన్నడును తలపోయలేదు. నిరుడు తలపోయవలసి వచ్చెను.

చిలమత్తూరులో మా యింటి ప్రక్కన రెండు గదులున్నవి. మన సంఘపు కుటుంబమొకటి అందులో ఐదేండ్లుగా బాడుగకున్నది. పల్లెలో వేరుశనగ పంట ఎండి, బోరు అడుగంటగా, పిల్లల చదువుకై ఇక్కడికి వచ్చిరి. భర్త బెంగళూరులో కట్టడపు పనికి పోవును. పగలు ఇతరులకు మేడలు కట్టి, రాత్రి రేకుల షెడ్డులో పండుకొనును.

మన సీమ సంగతి మీరెరుగుదురు. ఉమ్మడి అనంతపురము జిల్లాలో ఏడాదికి సగటున కురియునది ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వానయే. సేద్యము సాగక పల్లెలు విడిచినవారు ఊళ్లు చేరుదురు. ఇటు తూముకుంటలో కర్మాగారములు వెలసినవి; అటు పెనుకొండ చెంత ఎఱ్ఱమంచిలో 2019లో కార్ల కర్మాగారము ప్రారంభమైనది. పనులు వచ్చినంత వేగముగా ఇండ్లు రాలేదు. నెలజీతగాడు అడిగినంత ఇచ్చును, కూలివాడు ఇయ్యలేడు. బెంగళూరులోనైతే పది నెలల బాడుగ అడ్వాన్సుగా అడుగుట చాలకాలపు వాడుక. రెండు నెలలకు మించరాదని కేంద్ర ప్రభుత్వము 2021లో మాదిరి చట్టము చూపెను. అయితే రాష్ట్రము తాను చట్టము చేసికొనిననే అది అమలగును.

నిరుడు మార్చిలో ఒక ఉద్యోగి మా గదులకు రెట్టింపు బాడుగ ఇచ్చెదననెను. నేను ఆశపడితిని. ఆ సహోదరిని పిలిచి, "నెలాఖరుకు ఖాళీ చేయమ్మా" అంటిని. ఆమె వాదించలేదు. "అట్లేలే అన్నా. పిల్లోల్ల పరీక్షలు అయ్యేదాకా ఉండనీ" అని మాత్రమనెను.

ఆ ఆదివారము గుడిలో వాక్యము చదువు వంతు నాది. పౌలు అద్దె యింటి భాగమే వచ్చెను. ఎదుట చాపమీద ఆమె పిల్లలతో కూర్చుండియుండెను. నా గొంతు పట్టుకొనెను. రోమాలోని ఆ యజమాని నావంటివాడైన యెడల పౌలు ఎక్కడ బోధించియుండును? ఇండ్లమీద ఇండ్లు కూడబెట్టువారిని యెషయా గద్దించెను. ఆ గద్దింపు అన్యులకు కాదు, దేవుని ప్రజలకే.

సాయంకాలము వారి గుమ్మమునకు పోయి, క్షమించి ఉండుడని వేడితిని. తరువాత కప్పు బాగుచేయించి, ఇరువురము మాటలాడుకొని బాడుగ కొంచెము పెంచితిమి. అది న్యాయమే. ఆ రెట్టింపు సొమ్ము వచ్చియుండినయెడల మా బోరు అప్పు తీరెడిది. అది ఇంకను తీరలేదు. అయినను నిద్ర పట్టుచున్నది.

చదువరీ, పరలోక నివాసములను గూర్చి మనము పాడుదుము, మంచిదే. అయితే బాడుగ దినమునకు వెరచు తల్లి ఆ పాటను ఎట్లు వినును? షూనేమీయురాలు ప్రవక్తకు మేడమీద చిన్న గది కట్టించి, మంచము, బల్ల, పీట, దీపము అమర్చెను. మీకు గది మిగిలియున్నదా? దాని బాడుగ ఎంతయని బజారునే కాక ప్రభువును కూడ అడుగుడి. గది లేనివారు ఇల్లు వెదకువానికి పూచీ నిలువుడి, అడ్వాన్సుకు చేబదులు ఇయ్యుడి. పనికి పోయిన సహోదరుడు ఎచ్చట పండుకొనుచున్నాడో విచారించుడి.

ప్రభువా, భూమిమీద నీకు సొంత యిల్లు లేకుండెను. మాకిచ్చిన గుమ్మములను నీ పేదలకు మూయకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.