పాత బండిలో పడమటి తీరం

బండి కొన్న మొదటి సంవత్సరం నుంచే దానికి తరుగుదల రాయాలని చదువుకున్న బి.కాం. వాణ్ణి నేను. అలాంటిది, ఐర్లండులో ఉన్న మా అల్లుడు ఇల్లూ బండీ కలిసిన సరుకొకటి, అదీ ఇరవై రెండేళ్ళ పాతది, కొన్నాడని ఫోనులో విన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. "మామయ్యగారూ, మీరు వస్తే అందులోనే తీరమంతా తిప్పుతాను" అన్నాడు. 2023 జూన్‌లో బ్యాంకుకు సెలవు పెట్టి బరంపురం నుంచి బయలుదేరాం.

దాన్ని మోటార్‌హోమ్ అంటారు. రెండు బర్నర్ల పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, గ్యాసుతో కూడా నడిచే ఫ్రిజ్, అగ్గిపెట్టెంత స్నానాలగది ఉన్నాయి. పగలు భోజనాల బల్ల, రాత్రికి అదే మా మంచం. డ్రైవరు నెత్తిమీది అటకలాంటి పడక మా మనవరాలిది. దానికి ఏడేళ్ళు. అక్కడే పుట్టింది. ఇంట్లో ఇంగ్లీషు, బడిలో ఇంగ్లీషుతో పాటు ఐరిష్. తెలుగు అర్థమవుతుంది గాని నోరు తెరవదు. "ఇప్పటికే రెండు భాషలు, మూడోది ఎందుకు నాన్నా?" అంది మా అమ్మాయి. నేనేమీ అనలేకపోయాను. ఆమె చిన్నప్పుడు పోటీ పరీక్షల పేరు చెప్పి ఇంట్లో ఇంగ్లీషు మొదలుపెట్టింది నేనే.

మా శ్రీమతి ఏమీ వాదించలేదు. గాల్వేలో బండి ఎక్కిన క్షణం నుంచి తొమ్మిది రోజులూ ఆవిడకు ఇంగ్లీషు రాదు! డిగ్రీ చదివిన మనిషి, "ఏమిటమ్మా, నాకు తెలియదే" అని అమాయకంగా కూర్చుంది. మేము నోరు మూసుకున్నాం.

ఆ దేశపు పడమటి తీరం వెంట 2,500 కిలోమీటర్ల దారిని 2014లో పర్యాటకులకు ప్రత్యేకంగా ప్రకటించారు. మేము చూసింది అందులో ఒక ముక్క. ముందుగా క్లేర్ కౌంటీలోని బరెన్. కొండలన్నీ బోడి సున్నపురాయి. పగుళ్ళలో మాత్రం మంచుదేశాల మొక్కలూ మధ్యధరా ప్రాంతపు మొక్కలూ పక్కపక్కనే బతుకుతాయి. తర్వాత మోహర్ కొండచరియలు. ఎక్కువ ఎత్తు 214 మీటర్లు. అంచున నిలబడితే గాలికి నా టోపీ సముద్రానికి దక్షిణ అయింది. అంతకంటె వర్ణించను, ఫోటోలు అందరూ చూసినవే.

షానన్ నది సముద్రంలో కలిసేచోట కిల్లిమర్ నుంచి టార్బర్ట్‌కు బండితో సహా పడవ ఎక్కాం. ఇరవై నిమిషాలు. రోడ్డున చుట్టి వెళితే వంద కిలోమీటర్లకు పైగా అదనం. డీజిల్ లెక్క కట్టి చూశాను, పడవే లాభం. అల్లుడు నవ్వాడు.

డింగిల్ వెళ్ళడానికి కానర్ పాస్ అనే కనుమ ఉంది గాని రెండు టన్నులు దాటిన బండ్లకు ప్రవేశం లేదు. మాది ఆ బరువు ఎప్పుడో దాటింది. మామూలు రోడ్డునే వెళ్ళాం. ఆ ప్రాంతంలో ఇప్పటికీ ఐరిష్ మాట్లాడతారు. 2005లో బోర్డుల మీద ఇంగ్లీషు పేరు తీసి ఐరిష్ పేరొక్కటే ఉంచితే డింగిల్ వాసులే ఒప్పుకోలేదట. 1936లో మదరాసు రాష్ట్రం నుంచి ఒరిస్సాలో చేరి, ఒక్కో భాషలో ఒక్కో పేరుతో బతుకుతున్న ఊరివాణ్ణి, నాకు వింతేమీ అనిపించలేదు.

స్లే హెడ్ దారి ఇరుకు. పెద్ద బండ్లు గడియారం ముల్లు తిరిగే దిక్కునే వెళ్ళాలంటారు. ఒక పక్క రాతిగోడ, ఒక పక్క సముద్రం. ఎదురుగా కారు వస్తే మా శ్రీమతి కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం. మలుపు దాటగానే బ్లాస్కెట్ దీవులు కనిపించాయి. పెద్ద దీవిలో మిగిలిన 22 మందిని 1953లో ప్రభుత్వం ఒడ్డుకు చేర్చింది. అంతకు ముందే చాలామంది అమెరికా వెళ్ళిపోయారు. ఆ కాస్త జనంలోంచే తమ బతుకును ఐరిష్‌లో పుస్తకాలుగా చెప్పినవాళ్ళు వచ్చారు. ఇప్పుడు అక్కడ కప్పులేని గోడలు కనబడతాయి. నేను చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాను.

ఆ రాత్రి బస చేసినచోట పప్పు సగం ఉడికేసరికి గ్యాసు అయిపోయింది. వర్షం. అల్లుడు స్పానరుతో సిలిండరు మీద పడ్డాడు. ఎంత బలంగా తిప్పినా నట్టు రాదు. పక్క బండిలోని పెద్దాయన గొడుగు వేసుకుని వచ్చాడు. మా మనవరాలు బడిలో నేర్పినట్టు ఐరిష్‌లో నమస్కారం చెప్పింది. ఆయన మొహం వెలిగిపోయి, గబగబా ఏదో చెప్పి, గాల్లో చెయ్యి తిప్పి చూపించాడు. "ఏమంటున్నాడే?" అంది అమ్మమ్మ.

పిల్ల కాసేపు తడుముకుంది. "అమ్మమ్మా... ఆ తాతయ్య... వేరే వైపు తిప్పు అన్నారు."

అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ నట్టుకు మర చుట్టు మామూలుకు వ్యతిరేకం. విప్పుతున్నాననుకుని అల్లుడు అంతసేపూ బిగిస్తున్నాడు! రాత్రి పది దాటినా మసక వెలుతురు ఉంది. పెద్దాయన కూడా మాతో పప్పన్నం తిన్నాడు. కారానికి కళ్ళు తుడుచుకుని మళ్ళీ వడ్డించమన్నాడు. ఈసారి దుబాసీకి ఎవరూ అడగకుండానే పని దొరికింది.

భోజనాలయ్యాక పైకప్పు అద్దం సందులోంచి మా పడక మీద నీళ్ళు కారాయి. కుక్కరు గిన్నె కింద పెట్టి, అమ్మమ్మా మనవరాలూ చుక్కలు లెక్కపెడుతూ పడుకున్నారు. "ఒకటి, రెండు, ట్రీ" అంది పిల్ల. ఐరిష్‌లో మూడుకు ట్రీ అంటారు. సంస్కృతపు త్రి, ఇదీ చుట్టాలే. ఈ సంగతి నేను చెప్పబోతే పడుకోమన్నారు.

కప్పు సందు పూడ్పించానని మొన్న అల్లుడు ఫోను చేశాడు. గిన్నె మాత్రం బండిలోనే ఉంచమని మా శ్రీమతి చెప్పింది.