పేరు చెరిపిన ఫైల్

మొన్న ఈద్‌కి ధర్మపురి పోతే అమ్మీ అడిగింది, "రాత్ రాత్ భర్ ఉస్ డబ్బే మే క్యా ఢూండ్తా రే?" అని. లైసెన్సులు అమ్మీ, అన్నాను. ఆమెకు తెలిసిన లైసెన్స్ మామూ ఆటోకి ఉన్నదొక్కటే.

సంగతేమంటే, మేం అమ్మే సాఫ్ట్‌వేర్ మొత్తం మా చేతిరాత కాదు. ఎవరెవరో ఓపెన్ సోర్స్‌గా వదిలిన కోడ్ తెచ్చి కలుపుకుంటాం. ముఫ్త్‌గా దొరికింది కదా అని అది లావారిస్ మాల్ కాదు. దేని షర్త్ దానిదే. జీపీఎల్ అయితే, ఆ కోడ్ కలిపిన ప్రోగ్రాం ఎవరికిచ్చినా దాని సోర్స్ కూడా అదే షర్త్ మీద ఇవ్వాలి. ఎమ్‌ఐటీ అయితే మరీ సులువు. రాసినవాడి పేరు, ఆ ఇజాజత్‌నామా తీసెయ్యకుంటే చాలు.

సరుకు కస్టమర్‌కు అప్పజెప్పే ముందు ఈ షర్తులన్నీ వెతికిపెట్టడానికి స్కాన్‌కోడ్ వాడతాం. ఫోసాలజీ అని ఇంకోటుంది, హెచ్‌పీలో పుట్టి 2015 నుంచి లైనక్స్ ఫౌండేషన్ నీడలో ఉంది. ఈ రెండూ ఓపెన్ సోర్సే. స్కాన్‌కోడ్ ప్రతి ఫైల్ తెరిచి, తన దగ్గరున్న లైసెన్సుల ఇబారత్‌తో పోల్చి, ఏ షర్త్ ఉంది, కాపీరైట్ ఎవరిది అని రాసిపెడుతుంది. మొదటిసారి నడిపితే, తెలుగు బిల్లుల కోసం మేం పెట్టుకున్న మల్లన్న ఫాంట్ బయటపడింది. సిలికానాంధ్ర వాళ్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ మీద ఇచ్చిన ఫాంట్ అది. సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్ముకోవచ్చు, ఒట్టి ఫాంట్‌ను అమ్మకూడదు, లైసెన్స్ కాగితం వెంట ఉండాలి. మా దగ్గర కాగితం లేదు. పెట్టాం.

రెండోసారి అంతా సాఫ్. మేనేజర్ ఖుష్. నాకే దడ.

మూడేళ్ల కింద, కొత్తగా చేరిన రోజుల్లో, తారీఖులు మార్చే ఒక ఎమ్‌ఐటీ ఫైల్ తెచ్చాను. పైన రాసినాయన పేరుంటే, నేనే రాశాననిపించుకోవాలని చెరిపేశాను. స్కానర్ రాసి ఉన్నది చదువుతుంది, చెరిపింది ఎట్లా చదువుతుంది? కోడ్ ముక్కలనే పోల్చి పట్టే సాధనాలు వేరే ఉన్నాయి, మా ఆఫీసులో లేవు.

షీర్‌ఖుర్మా గిన్నె ముందు పెట్టుకుని అమ్మీకి ఇదంతా చెప్పేశాను.

"ఉన్ క్యా మాంగా థా?"

"నామ్ రఖ్‌నా బోలా."

"వో భీ నై రఖ్యా?"

అమ్మీ ఇరవై ఏళ్లు బీడీలు చుట్టింది. కార్ఖానా వాళ్లు తునికాకు, తంబాకు తూకమేసి ఇచ్చి, బీడీలు లెక్కబెట్టి తీసుకునేవాళ్లు. ఆకు చాలకపోతే తన పైసలతో కొని లెక్క పూర్తి చేసేది. పక్కింటామె చాటలోంచి పిడికెడు తంబాకు తీసుకున్నా మగ్రిబ్ లోపు నాతోనే తిరిగి పంపేది. అప్పుడు విసుక్కునేవాణ్ణి, పిడికెడే కదా అని.

సోమవారం మేనేజర్‌కు చెప్పాను. నౌకరీ పోతుందనుకున్నా. చాలాసేపు మాట్లాడలేదాయన. తర్వాత, ఇంకా ఎన్ని ఉన్నాయని అడిగాడు. ఇదొక్కటే అన్నాను. నమ్మాడో లేదో, నేను ముట్టుకున్న ఫైళ్లన్నీ ఇద్దరితో మళ్లీ చదివించాడు. డెలివరీ రెండు రోజులు ఆగింది. టీమ్‌లో కొందరు నాతో చాయ్‌కి రావడం మానేశారు.

పేరు, ఇజాజత్‌నామా పాత చోటనే అతికించి స్కానర్ మళ్లీ నడిపాను. ఈసారి రిపోర్టులో ఒక వరస ఎక్కువొచ్చింది. కాపీరైట్, ఆయన పేరు.