ఒగ్గుకథకు అరుగు

స్పీకర్ పలకాలంటే ముందు కదలకుండా నిలబడాలి. హుస్నాబాద్‌లో మా హాలు నిండా మందపాటి కార్పెట్. నాన్న మోకాళ్ల కోసం పరిచింది, తీసే మాటే లేదు. దానిమీద నిలువెత్తు స్పీకర్లు వేలితో తాకినా ఊగుతాయి. ఇంట్లో మూడేళ్ల పాప. స్పైకులు కార్పెట్‌లోంచి దిగి నేలను తాకితే ఊపు ఆగుతుంది. మేం మాత్రం వెడల్పాటి కరీంనగర్ గ్రానైట్ పలకలు వేసి, రసమట్టంతో సరిచూసి, స్పీకర్లను మూలల నుంచి రెండడుగులు ఇవతలికి జరిపాం. మూలన బేస్ ఉబ్బుతుంది. కార్పెట్ మింగేది సన్నటి శబ్దాలనే, బేస్‌ను కాదు. రాయి ఇచ్చింది నిలకడ. స్పష్టత ఎక్కువగా చోటు మార్చినందుకే వచ్చింది. ఓడలెక్కి దేశాలు దాటే రాయి మా ఇంట్లో ఒగ్గుకథకు అరుగైంది. డోలు మోత తగ్గింది. వినికిడి మందగించిన నాన్నకు, వాల్యూమ్ పెంచకుండానే, కథ చెప్పేటాయన మాట అందుతోంది.